వెతకవద్దన్నారు కదా

మా ఇల్లు,
వరండాలోంచి

మరదలికి,

ముందు తిట్లు, దీవెనలు తర్వాత.

ఫోన్ చేస్తే నువ్వు "ఊ", "ఆ", "సరే" తప్ప నాలుగో మాట మాట్లాడవు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీనికి "ఊ" అని రాసి పంపావంటే మాత్రం ఊరుకోను.

మా తమ్ముడు ఇల్లు వదిలి వెళ్లిపోయి నెల కావస్తోందట. "అట" అంటున్నాను చూడు! సొంత అక్కను, ఈ సంగతి మీ కింది వాటాలో బట్టలు కుట్టే ఆవిడ చెబితే తెలుసుకోవాల్సి వచ్చింది. "మీ మరదలుగారికి చీమ కుట్టినట్టయినా లేదండీ, రోజూ డబ్బా పట్టుకుని పనికి వెళ్లిపోతున్నారు" అందావిడ. నాకు తల కొట్టేసినట్టయింది.

అదేం మనిషివే నువ్వు? జీవితమంతా పంప్‌హౌస్‌లో పనిచేసి, రిటైరై ఇంటిపట్టున కూర్చుని ఇంకా ఆరు నెలలు కాలేదు. అలాంటివాడు పెట్టె సర్దుకుని వెళ్లిపోతే పోలీసులకు చెప్పవా? నాకు చెప్పవా? నలుగురినీ అడగవా? కోపంలో ఉన్న మనిషి "నాకోసం వెతకవద్దు" అని చీటీ రాసి పెడతాడు. వెతకమని చెప్పడానికే అలా రాస్తారు తల్లీ! చంటిపిల్లను అడిగినా చెబుతుంది.

వాడు ఎక్కడ తింటున్నాడో, ఎక్కడ పడుకుంటున్నాడో అని ఒక్క రోజైనా నీకు నిద్ర పట్టకుండా ఉందా? నిమ్మకు నీరెత్తినట్టు ఎలా ఉండగలుగుతున్నావు? వాడెక్కడున్నాడో నాకైతే తెలియదు, ఆ దేవుడికే తెలియాలి.

నా పైపళ్లు ముందువి నాలుగూ పీకించేశాను. "స" అనబోతే గాలి పోతోంది. నోటితో నిన్ను సరిగ్గా తిట్టే యోగం కూడా లేదు నాకు.

మీ వదిన

*

డెంటల్ ల్యాబ్,
మధ్యాహ్నం విరామంలో

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. అడిగినవాటికి వరసగా రాస్తున్నాను.

పోలీసులకు చెప్పలేదు. ఆయనను ఎవరూ ఎత్తుకుపోలేదు. షేవింగ్ సామాను, రెండు స్వెట్టర్లు, మోకాళ్ల నొప్పి మందు తీసుకువెళ్లారు. మందు మరిచిపోకుండా తీసుకువెళ్లిన మనిషి క్షేమంగానే ఉంటారని అనుకున్నాను.

వెతకలేదు. వెతకవద్దన్నారు కదా.

నిద్ర పట్టింది.

మీకు ఎందుకు చెప్పలేదంటే, ఏమని చెప్పాలో తెలియలేదు. "వెళ్లిపోయారు" అంటే మీరు "అయ్యో" అంటారు. ఆ తర్వాత నేను ఏదో అనాలి. ఆ అనాల్సిందేమిటో నాకు ఎప్పుడూ తట్టదు.

ఇరుగుపొరుగువాళ్లు నన్ను ఓదార్చడానికి వచ్చారు. కుర్చీలు వేశాను. అందరూ నా ముఖంలోకి చూస్తూ కూర్చున్నారు. నేను ఏడిస్తే వాళ్లకు సులువుగా ఉండేది, కానీ ఏడుపు రాలేదు. చివరికి ఎదురింటి పెద్దావిడే నా బదులు ఏడ్చింది. ఆవిడ ఏడ్చినంతసేపూ మంచినీళ్ల గ్లాసు పట్టుకుని పక్కన నిలబడ్డాను. వెళ్లేటప్పుడు మెట్ల మీద "రాతిబొమ్మ" అనుకుంటూ వెళ్లారు. ల్యాబ్‌లో డాక్టరుగారు వారం సెలవు ఇస్తానన్నారు. ఇంట్లో కూర్చుని ఏం చేయాలో తెలియక వద్దన్నాను.

మీ పళ్లకు అక్కడి డాక్టరుచేత అచ్చు తీయించి పంపండి. నవ్వుతున్న పాత ఫొటో కూడా ఒకటి కావాలి. సెట్టు నేను చేస్తాను.

ఉంటాను.
మీ మరదలు

*

మా ఇల్లు,
వంటింటి గడప మీద కూర్చుని

మరదలా,

ఇన్నాళ్లూ తేలుకుట్టిన దొంగలా ఉన్నాను, ఇక నావల్ల కాదు. వాడు ఇక్కడే ఉన్నాడు. వెళ్లిపోయిన రోజు సాయంత్రమే పెట్టెతో మా గుమ్మంలో దిగాడు. అప్పటినుంచీ వెనకగదిలోనే ఉంటున్నాడు. నీకు చెబితే చచ్చినంత ఒట్టన్నాడు. ఒట్టు తీసి గట్టున పెట్టేశాను.

ఎందుకు వచ్చావురా అంటే ఏమన్నాడో తెలుసా? "ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ తెలియలేదక్కా. ఇంట్లో కూర్చున్నాకే తెలిసింది, నేను ఉన్నా లేకపోయినా ఆవిడకు ఒకటేనని" అన్నాడు. చెయ్యి తెగి కట్టుతో ఇంటికొస్తే "ఆయింట్‌మెంటు అల్మరాలో ఉంది" అని నువ్వు నీ పని చూసుకున్నావట. ఎలా తెగిందని అడగలేదట. అది చెబుతూ అటు తిరిగి తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. అంత వయసొచ్చిన మగాడు!

రెండో రోజుకల్లా నువ్వు పరుగెత్తుకొస్తావని వాడి లెక్క. మా వీధి చివర బస్సు ఆగినప్పుడల్లా వరండాలోకి వచ్చి నిలబడేవాడు. "గాలి కోసం" అనేవాడు. ఇప్పుడు గాలి కూడా మానేశాడు.

నీ ఉత్తరం వస్తే తను చదవడు. మంచం మీద పడుకుని, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని, "చదువక్కా" అంటాడు. "నిద్ర పట్టింది" అని నువ్వు రాసినచోట నాకు నోరు రాలేదు. "ఆపకు, చదువు" అన్నాడు. మీ అన్నయ్యేమో "మొగుడూపెళ్లాల మధ్య నువ్వు తలదూర్చకు" అని పేపరు వెనక దాక్కుంటారు. అడకత్తెరలో పోకచెక్కనైపోయాను.

నువ్వు పెద్ద ఉత్తరమేం రాయక్కర్లేదు. "రండి" అని ఒక్క మాట రాయి. వాడు ఆ క్షణమే జోళ్లు వేసుకుంటాడు. ఒక్క మాటకు నీ సొమ్మేం పోతుంది?

అచ్చు, ఫొటో పంపుతున్నాను. అచ్చు చూసి తమ్ముడు, ఎన్నాళ్లకో, కాస్త నవ్వాడు.

మీ వదిన

*

ఇంటి నుంచి,
ఆదివారం

వదినగారికి,

ఆయన మీ ఇంట్లో ఉన్నారని మీ మొదటి ఉత్తరంతోనే తెలిసింది. చీటీ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. దర్జీ ఆవిడకు కూడా తెలియదు. అందులోని మాటలు మీకు ఆయన చెబితేనే తెలియాలి.

తెలిసి కూడా ఎందుకు రాలేదని అడుగుతారు. వేళకు తింటున్నారు, అక్కగారి దగ్గర ఉన్నారు. ఇక నేను వచ్చి చేసేదేముంది అనుకున్నాను.

"రండి" అని రాయడం క్షణం పని. అనిపిస్తే రాసేదాన్నే. అనిపించలేదు. రావద్దని కూడా అనిపించలేదు. ఇల్లు ఆయనది కూడా. తాళంచెవి ఒకటి ఆయన దగ్గరే ఉంది. వస్తే వంట ఇద్దరికి చేస్తాను. ఇంతకుమించి ఏం రాసినా అబద్ధమవుతుంది.

నేను చిన్నప్పటినుంచీ ఇంతే. "దీనికి ఏడుపూ నవ్వూ పెట్టడం దేవుడు మరిచిపోయాడు" అనేది మా అమ్మ. ఆవిడ ముద్దుగా అనేది. ఆ తర్వాత అన్నవాళ్లెవరూ ముద్దుగా అనలేదు. బాధ ఉన్నట్టు కనిపించడం నాకు చేతకాదు. నలుగురి కోసం నేర్చుకుందామని కూడా ఎప్పుడూ అనుకోలేదు. పెళ్లికి ముందే ఆయనతో ఈ సంగతి చెప్పాను. "పర్లేదు, ఇద్దరికీ సరిపడా నేను మాట్లాడతాను" అన్నారు. అన్నట్టే మాట్లాడారు. నేను విన్నాను. అది ఆయనకు సరిపోతోందనే అనుకుంటూ వచ్చాను.

చెయ్యి ఎలా తెగిందో నిజంగానే అడగలేదు. కట్టు శుభ్రంగా ఉంది, రక్తం ఆగింది. అది చాలనుకున్నాను.

మీ పళ్ల సెట్టు పంపుతున్నాను. ఫొటోలో మీ ఎడమవైపు పన్ను కాస్త పక్కకు తిరిగి ఉంది. అలాగే పెట్టాను. అందరూ తిన్నగా పెట్టమంటారు గానీ, తిన్నగా పెడితే మీ నవ్వు ఇంకెవరి నవ్వులాగో ఉంటుంది. కొత్తలో గట్టి పదార్థాలు కొరకకండి. అద్దం ముందు కూర్చుని కాసేపు పైకి చదవండి, "స" పలుకుతుంది.

మీ మరదలు

*

మా ఇల్లు,
వరండాలోంచి

మరదలా,

పళ్లు పెట్టుకుని మీ అన్నయ్య ముందు నిలబడితే, ఆయన పేపరు దించి, "ఏమిటోయ్, ఇరవయ్యేళ్లు వెనక్కి పోయావు" అన్నారు. పెళ్లైన ఇన్నేళ్లకు నోరు తెరిచి ఒక మంచి మాట అన్నారంటే నీ చలవే. ఏ పన్ను ఎటు తిరిగిందో కనిపెట్టగలదానివి, ఎదురుగా ఉన్న మనిషి ముఖం ఎటు తిరిగిందో చూడలేకపోయావేమే?

సరే, తిట్టనులే. తమ్ముడు బాగున్నాడు. ముఖం తేటపడింది. మీ అన్నయ్యను లాక్కొచ్చి చదరంగం ఆడిస్తున్నాడు, మళ్లీ కబుర్లు మొదలుపెట్టాడు. పంప్‌హౌస్‌లో పాము దూరిన కథ ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పాడో! చెప్పినప్పుడల్లా పాము ఒక మూర పెరుగుతోంది.

నువ్వు మాత్రం ఉత్తరాలు ఆపకు. నీ ల్యాబ్ సంగతులైనా సరే, ఏదో ఒకటి రాస్తూ ఉండు.

మీ వదిన

*

డెంటల్ ల్యాబ్,
సాయంత్రం

వదినగారికి,

ఆయన సంతోషంగా ఉన్నారని రాశారు. మంచిదే. కానీ ఎందుకో అర్థం కాలేదు. పోయిన ఉత్తరంలో సంతోషించే మాట నేను ఒక్కటీ రాయలేదు.

ఇక్కడ విశేషాలు లేవు. ముందుగదిలో బల్బు పోతే స్టూలు వేసుకుని మార్చాను. ఇరుగుపొరుగువాళ్లు ఇప్పుడు రావడం మానేశారు. ల్యాబ్‌లో నేను లోపలికి వెళ్తే తోటివాళ్లు మాటలు ఆపేస్తున్నారు. అందువల్ల నాకు ఇబ్బందేమీ లేదు, పని తొందరగా అవుతోంది. ఇంట్లో చప్పుడు తగ్గింది. అది బాగుందో లేదో ఇంకా తేల్చుకోలేదు.

మీ మరదలు

*

మా ఇల్లు,
గాభరాలో

మరదలా,

కొంప మునిగింది. కూర్చుని చదువు.

నీ ఉత్తరాలు వాడికి నేనే చదువుతున్నానని చెప్పాను కదా. ఆ ఆదివారం రాసినది, అదే, "మొదటి ఉత్తరంతోనే తెలిసింది" అన్నది, అది ఎలా చదవనే? తెలిసి కూడా రాలేదని వాడి చెవిన ఎలా వేయను? దాటేశాను. దాటేసినచోట బోసిగా ఉంటుందని, "ఇల్లు బోసిపోయినట్టుంది" అని ఒక మాట కలిపాను. వాడు కళ్ల మీది చెయ్యి తీసి, "ఏదీ, మళ్లీ చదువు" అన్నాడు. మళ్లీ చదివాను.

అంతే, ఇక ఆగలేదు. "మెట్ల మీద అడుగుల చప్పుడైతే మీరేమో అనుకుంటాను" అన్నాను. నువ్వు బల్బు మార్చానని రాస్తే, "స్టూలు పట్టుకునేవాళ్లు లేరు" అని చేర్చాను. ఆ మాటలన్నీ ఎక్కడినుంచి వచ్చాయో నాకే తెలియదు, గబగబా వచ్చేశాయి. చివరికి మొన్న నోరు జారి, "ఇక రండి" అనేశాను.

వాడు లేచి జోళ్లు పాలిష్ చేసుకున్నాడు. గురువారం బండికి వస్తున్నాడు. ఇప్పుడు నిజం చెబితే వాడు ఏమైపోతాడో అని నాకు కాళ్లు చేతులు ఆడటం లేదు.

నీకు దండం పెడతాను. నువ్వు నటించక్కర్లేదు. "రమ్మన్నావు కదా" అని వాడంటే అవుననకు, కాదనకు. ఊరికే ఉండు. ఊరికే ఉండటం నీకు పుట్టుకతో వచ్చిన విద్యే కదా తల్లీ!

మీ వదిన

*

ఇంటి నుంచి,
శుక్రవారం

వదినగారికి,

ఆయన వచ్చారు. వెళ్లిపోయారు కూడా. మీ దగ్గరికే వస్తున్నారనుకుంటాను.

నిన్న పని నుంచి వచ్చేసరికి మెట్ల మీద కూర్చుని ఉన్నారు. తాళంచెవి ఉండి కూడా లోపలికి వెళ్లలేదు. నేను తలుపు తీశాక నా వెనకే వచ్చారు. వంట చేశాను. తింటున్నంతసేపూ మీ ఇంటి సంగతులే చెప్పారు. పాము కథ నాకు కూడా చెప్పారు.

తర్వాత, "నువ్వు రమ్మన్నాక ఇంకో రోజు కూడా ఆగలేకపోయాను" అన్నారు.

మీరు చెప్పినట్టే ఊరుకున్నాను. నాకది కష్టం కాదు. కానీ ఆయన నా ముఖంలోకే చూస్తున్నారు. నేను అనని మాటను నమ్మి, ఆ నమ్మకంతో చూస్తున్నారు. ఒకరి అచ్చుకు చేసిన పళ్లు ఇంకొకరి నోట్లో పెట్టినట్టనిపించింది. "నేను అలా రాయలేదండీ. వదినగారు కలిపి చదివారు" అని చెప్పేశాను.

ఆయనకు కోపం రాలేదు. "తెలుసు. బోసిపోవడం లాంటి మాటలు నీకు పుట్టవు. అక్క అబద్ధంలో పావు వంతైనా నిజం ఉంటుందేమోనని వచ్చాను" అన్నారు. మంచినీళ్లు తాగి, "ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. ఇన్ని నెలల్లో ఒక్క పూటైనా నేను ఇంట్లో ఉంటే బాగుండునని నీకు అనిపించిందా?" అన్నారు.

నిజం చెప్పమన్నారు కాబట్టి ఆలోచించాను. ఆయన వెళ్లిన రోజు నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క వారమే గుర్తు తెచ్చుకుంటూ వచ్చాను. సగానికి వచ్చేసరికి ఆయన కుర్చీలోంచి లేచారు. "ఇంతసేపు పట్టిందంటే ఇక చెప్పక్కర్లేదులే" అన్నారు.

"ఇంకా అవలేదండీ" అన్నాను.

"పర్లేదు" అన్నారు. నా కంచం కూడా తీసుకువెళ్లి ఆయనే కడిగారు. ముందుగదిలో పడుకున్నారు. పొద్దున్నే వెళ్తూ తాళంచెవి బల్ల మీద పెట్టారు. మోకాళ్ల మందు అయిపోవచ్చిందని కొత్త సీసా ఇచ్చాను, తీసుకున్నారు.

మీరు నన్ను తిట్టవచ్చు.

మీ మరదలు

*

మా ఇల్లు

మరదలికి,

నిన్ను తిట్టడానికి నోరు రావడం లేదు. తప్పు నాది. నువ్వు అనని మాటలు నీ నోట్లో పెట్టాను. అవి ఎక్కడినుంచి వచ్చాయో తెలియదని రాశాను చూడు, ఇప్పుడు తెలిసింది. అవి నావే. మీ అన్నయ్య పేపరు, నా వంటిల్లు తప్ప వేరే అలికిడి లేని ఇల్లు ఇది. తమ్ముడు వచ్చి ఉన్న ఈ కొన్నాళ్లే ఇల్లు ఇల్లులా ఉంది. వాడిని నీ దగ్గరికి పంపాలనీ ఉండేది, పంపకూడదనీ ఉండేది.

వాడు మాట్లాడటం లేదు. ఆ కబుర్ల పోగు, వాగుడుకాయ, మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. పాము కథ చెప్పరా అని మీ అన్నయ్య అంతటివారు అడిగినా "అందులో ఏముంది బావా" అన్నాడు. పాత స్నేహితుడొకడు ఎక్కడో దూరాన కొత్త పంప్‌హౌస్ చూసుకోవడానికి మనిషి కావాలన్నాడట. నెలాఖరుకు వెళ్తానంటున్నాడు. ఇక ఇటూ రాడు, అటూ రాడు. నాకు తెలుసు వాడి సంగతి.

"ఆవిడ ఉత్తరం వస్తే నాకు చదవకక్కా" అన్నాడు. అది కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. ఇక నువ్వు రాయకపోయినా నేనేమీ అనుకోను. ఒంట్లో జాగ్రత్త.

వదిన

*

డెంటల్ ల్యాబ్,
పని మధ్యలో

వదినగారికి,

ఇది ఆయనకు చదవండి. వద్దంటే తలుపు బయట నిలబడి అయినా చదవండి. నెలాఖరులోపే చదవాలి.

ఆయన అడిగినదానికి సగందాకా ఆలోచించేసరికి లేచారని రాశాను కదా. మిగతా సగం ఆ తర్వాత ఆలోచించాను. రోజూ పనిచేస్తూ ఆలోచించాను. ఇవాళ మైనం కరిగిస్తుంటే దొరికింది.

బల్బు మార్చిన తర్వాతి రోజుల్లో, ఒక ముసలి సంగీతం మాస్టారు కొత్త పళ్లు సరిచూసుకోవడానికి ల్యాబ్‌కు వచ్చారు. పళ్లు పెట్టుకుని, మా డాక్టరుగారి ఎదురుగా కూర్చుని, రాగం తీయబోయి పెద్దగా తుమ్మారు. సెట్టు ఎగిరి డాక్టరుగారి కాఫీ కప్పులో పడింది. డాక్టరుగారి కోటంతా కాఫీ. మాస్టారు బోసినోటితో "క్షమించండి" అనబోతే ఒక్క అక్షరం పలకలేదు. ల్యాబ్ అంతా పొట్ట పట్టుకుని నవ్వింది. నేను కప్పులోంచి పళ్లు తీసి, కడిగి, తుడిచి ఇచ్చాను.

ఇంటికి వెళ్లాను. స్టవ్ దగ్గర నిలబడ్డాను. వెనక్కి తిరగకుండానే, "ఏమండీ, ఇవాళ ఏమైందో తెలుసా?" అన్నాను. పైకే అన్నాను.

జవాబు రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది. స్టవ్ కట్టేసి కాసేపు అక్కడే నిలబడ్డాను. ఆ రోజు వంట చేసుకోలేదు. ఆ తుమ్ము సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మీరు ల్యాబ్ సంగతులు రాయమన్నప్పుడు కూడా ఎందుకో మీకు రాయబుద్ధి కాలేదు. అది ఆయనకు చెప్పాల్సిన సంగతి.

ఆయన అడిగినప్పుడు ఇది ఎందుకు తట్టలేదంటే, ఏడుపు వచ్చిన రోజేదైనా ఉందా అని వెతుకుతూ వచ్చాను. అటువంటిది లేదు. నలుగురూ దేన్ని బెంగ అంటారో నాకు తెలియదు, ఇది బెంగ అవునో కాదో కూడా తెలియదు. ఆయన అడిగింది బెంగ గురించి కాదు. ఆయన అడిగినదానికే జవాబు చెబుతున్నాను: ఆ పూట ఆయన ఇంట్లో ఉంటే బాగుండేది.

ఇది నా మాట. ఒక్క అక్షరం కూడా కలపకుండా చదవండి. విని ఆయన ఏమన్నారో కూడా ఏమీ కలపకుండానే నాకు రాయండి. ఏమీ అనకపోతే అదే రాయండి. నేను ఎదురుచూస్తూ ఉంటాను.

మీ మరదలు